తేట నీళ్లు చెప్పని లెక్క

మలావి సరస్సు చేపలు పెంచేవాళ్లలో ఒక మాట చాలాకాలంగా నడుస్తోంది. అక్వేరియంలో చేపలు ఒకదాన్నొకటి తరిమి కొరుకుతుంటే వాటిని తగ్గించకు, ఇంకో పదిహేను తెచ్చి వెయ్యి అంటారు. కొత్తవాళ్లకు ఇది తలకిందుల సలహాలా వినిపిస్తుంది. కానీ ఆ సరస్సులోని ఎంబూనా జాతుల్ని ఏళ్ల తరబడి పెంచి, పిల్లలు తీయించి, అమ్మినవాళ్లు కూడా ఇదే చెబుతారు. వాళ్లతో గట్టిగా విభేదించేవాళ్లూ అంతే అనుభవం ఉన్నవాళ్లు. ట్యాంకు ఎంత పెద్దదైనా, ఫిల్టరు ఎంత ఘనమైనదైనా చేపల్ని కుక్కిపెట్టడం తప్పేనని వాళ్ల పట్టు. ఒకరు పరీక్షగొట్టం ఎత్తి చూపి, అమ్మోనియా సున్నా, ఇంకేం కావాలి అంటారు. ఇంకొకరు గొట్టం పక్కన పెట్టు, ముందు చేపను చూడు అంటారు.

రెండు పక్షాల మాటల్లోనూ పస ఉంది. ఒకరు నీటి గురించి, ఇంకొకరు చేప నడవడి గురించి మాట్లాడుతున్నారు. ఈ గొడవలో ఇద్దరూ అంతగా పట్టించుకోని మూడో సంగతి ఒకటుంది. అది వ్యవధి. ఏదైనా తేడా వస్తే, అది ప్రాణం మీదికి వచ్చేలోపు మన చేతిలో ఉండే గంటలు. గిన్నెలో నీళ్లు ఇట్టే మరుగుతాయి, గుండిగలో నీళ్లు మరగడానికి చాలాసేపు పడుతుంది. అలాగే వేడి, విషం, ఊపిరాడకపోవడం అన్నీ ఎక్కువ నీటిలో నెమ్మదిగా వస్తాయి. పెద్ద ట్యాంకు కొన్నవాళ్లకు దక్కే గొప్ప లాభం అదే. చేపలు పెంచుకుంటూ పోయినకొద్దీ ఖర్చయ్యేదీ అదే. ఫిల్టరు ఎంత మంచిదైనా ఆ వ్యవధిని తిరిగి ఇవ్వలేదు.

ముందు చేపల తగువు సంగతి చూద్దాం, ఎందుకంటే ఆ తలకిందుల సలహా పుట్టింది అక్కడే.

మలావి ఆఫ్రికాలో మలావి, మొజాంబిక్, టాంజానియా దేశాల మధ్య సుమారు 580 కిలోమీటర్ల పొడవున పరుచుకున్న సరస్సు. సిక్లిడ్ కుటుంబానికి చెందిన వందల జాతుల చేపలు అందులో ఉన్నాయి. వాటిలో చాలా భాగం ప్రపంచంలో ఇంకెక్కడా కనిపించవు. ఎంబూనా అనేవి ఒడ్డు దగ్గర రాళ్ల మధ్య బతికే గుంపు. రాళ్ల మీద పట్టిన నాచును, అందులోని పురుగుల్ని గీరి తింటాయి. మగచేప ఒక రాతినో, రెండు రాళ్ల మధ్య సందునో తనదిగా చేసుకుని కాపలా కాస్తుంది. తన జాతి మగది అటు వచ్చిందా, తరుముతుంది. ఓడిన చేప కొన్ని మీటర్లు పక్కకు జరిగితే చాలు, గొడవ అక్కడితో సరి. గెలిచినదానికి వెంటపడి చంపాల్సిన పని లేదు, తన రాయి తనకు మిగిలితే అంతే.

ఇప్పుడు అదే చేపను ఆరడుగుల ట్యాంకులోకి తెచ్చాం. ఈ కొస నుంచి ఆ కొసకు 180 సెంటీమీటర్లు. ఓడిన చేప ఎక్కడికి పారిపోయినా గెలిచినదాని కళ్లముందే ఉంటుంది. గెలిచినదాని లెక్కలో అది ఇంకా పోలేదు, సరిహద్దులోనే తచ్చాడుతోంది. అందుకే మళ్లీ తరుముతుంది. ఆరాటస్, కెన్యీ వంటి దుడుకు జాతుల్లో మగది మొత్తం ట్యాంకును తన జాగీరు చేసేసుకుంటుంది. దెబ్బతిన్న చేపను గుర్తుపట్టడం కష్టం కాదు. ఫిల్టరు పైపు వెనక, నీటి పైపొరకు దగ్గరగా, మూతి పైకెత్తి కదలకుండా నిలబడి ఉంటుంది. తోకరెక్క అంచులు చింపిరిగుడ్డలా ఉంటాయి. గుళికలు వేస్తే అన్నీ ఎగబడతాయి, అది మాత్రం ఒక్క క్షణం ముందుకొచ్చి మళ్లీ పైపు వెనక్కే పోతుంది. ఎనిమిది చేపలున్న ట్యాంకులో రోజంతా తరుములాట ఒక్కదాని మీదే పడితే అది బతకడం కష్టం.

చేపల సంఖ్య పెంచమనే సలహా ఇక్కడే పనిచేస్తుంది. దాని వెనక ఉన్న సూత్రాన్ని 1964లో జెరమ్ బ్రౌన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త పక్షులను దృష్టిలో పెట్టుకుని వివరించాడు. ఏ జంతువైనా జాగా కాపలా కాసేది ఆ కాపలాకయ్యే ఖర్చు కంటే దక్కే లాభం ఎక్కువైనప్పుడే. చొరబడేవాళ్లు ఒకరిద్దరైతే తరమడం గిట్టుబాటవుతుంది. నలభైమంది నాలుగు వైపుల నుంచీ వస్తుంటే, ఒకదాన్ని తరిమేలోపు పది లోపలికి వస్తాయి. అప్పుడు కాపలాదారు జాగాను కుదించుకుంటుంది, లేదా మానుకుంటుంది. తరిమినా ఒక్కదాని వెంటే పడదు. కొరుకుళ్లు అందరి మధ్యా పంచుకున్నట్టవుతాయి. కాబట్టి ఇది నోటిమాటగా వచ్చిన నమ్మకం కాదు, జంతుప్రవర్తన శాస్త్రంలో వేళ్లున్న ఉపాయం.

అయితే కొరుకుళ్లు తగ్గితే చేప సుఖంగా ఉన్నట్టేనా? ఇక్కడ నాకు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన రసెల్ ఫెర్నాల్డ్ పరిశోధనలు గుర్తొస్తాయి. ఆయన జీవితకాలంలో ఎక్కువ భాగం చూసింది ఆఫ్రికా సిక్లిడ్లలోనే మరో జాతిని, ఆస్టటోటిలాపియా బర్టోనీని. ఇందులో జాగా ఉన్న మగది మెరిసే రంగులతో, కంటి మీదుగా నల్లగీతతో ఉంటుంది. జాగా లేనిది ఆడచేపలా వెలిసిపోయిన బూడిదరంగులో తిరుగుతుంది, దాని వృషణాలు కుంచించుకుపోతాయి. పెత్తనం చేసే చేపను తీసేస్తే, వెలిసిన చేపకు నిమిషాల్లో రంగు వస్తుంది, నల్లగీత తేలుతుంది. కొన్ని రోజుల్లో మెదడులో సంతానోత్పత్తిని నడిపే నాడీకణాలు కూడా పెద్దవవుతాయి. అంటే చేప అంతస్తు దాని మెదడు దాకా దిగుతుందన్నమాట. 2007లో ఫెర్నాల్డ్, ఆయన సహచరులు ఇంకో సంగతి చూపించారు. ఎవరు ఎవరిని ఓడించారో గాజు అవతల నుంచి చూసిన బర్టోనీ మగచేపలు, తాము చూడని జోడీల్లో కూడా ఎవరు బలవంతులో ఊహించి, బలహీనుడి పక్కకు చేరాయి. ఇంత గుర్తుపెట్టుకునే జీవి ఎనభైమంది మధ్య ఇరుక్కుంటే ఎవరెవరో తేల్చుకోలేని స్థితిలో పడవచ్చు. గుంపు ట్యాంకులో గొడవ సద్దుమణిగినప్పుడు వెలిసిపోయిన మగచేపలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టమని నేను అడిగేది అందుకే. ట్యాంకు ప్రశాంతంగా ఉందనుకుంటున్న చాలా చోట్ల, కొన్ని మగచేపలు మగతనాన్నే మానుకుని ఉండొచ్చు.

క్లీవ్‌లాండ్‌లోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయానికి చెందిన రొనాల్డ్ ఓల్డ్‌ఫీల్డ్ 2011లో ప్రచురించిన పరిశీలన కూడా ఇక్కడ పనికొస్తుంది. ఆయన చూసింది మధ్య అమెరికాకు చెందిన మైదాస్ సిక్లిడ్ పిల్లల్ని. చిన్న ట్యాంకుల మధ్య కొలత కొంచెం అటూఇటూ మార్చినా, చేపల సంఖ్య మార్చినా తగువులాటలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. బాగా పెద్దదై, దాక్కోవడానికి చాటు ఉన్న చోట మాత్రం తగువు తగ్గింది. మన ఇళ్లలో రెండడుగుల ట్యాంకు తీసేసి మూడడుగులది తెచ్చి చేపలు మారలేదని బాధపడేవాళ్లకు ఇందులో జవాబు ఉంది. జాగా చాలా పెరగాలి, రాళ్లు అడుగు నుంచి పైదాకా పేర్చి చూపు తెగ్గొట్టాలి. ఖాళీగా మెరిసే గాజుపెట్టెలో చేపల సంఖ్య ఒక్కటే అటూఇటూ చేస్తే సగం పనే అవుతుంది.

నా అభిప్రాయం దాచుకోను. ఎంబూనా వరకు, రాళ్లు దట్టంగా పేర్చి, జాతికి ఒక మగదీ నాలుగైదు ఆడవీ చొప్పున, మామూలు కంటే కొంత ఎక్కువ చేపల్ని ఉంచడం సమర్థించదగ్గదే. కానీ ఆ ఒక్క గుంపు కోసం పుట్టిన ఉపాయాన్ని తెచ్చి ఆస్కార్లకూ, అరోవానాలకూ, గార్లకూ, ఎర్రతోక క్యాట్‌ఫిష్‌లకూ అంటగట్టడం అన్యాయం. వాటి విషయంలో ఎక్కువ చేపలంటే ఎక్కువ చేపలే, ఇంకే లాభమూ లేదు.

ఇక నీటి లెక్క. అమెరికా పుస్తకాల నుంచి వచ్చి అంతటా పాకిన పాత కొలత ఒకటుంది. ఒక గాలను నీటికి ఒక అంగుళం చేప. గాలను అంటే దాదాపు 3.8 లీటర్లు. ఒక్కో అంగుళమున్న పది నియాన్ టెట్రాలకైనా, పది అంగుళాల ఒక్క ఆస్కారుకైనా ఈ లెక్కన పది గాలన్లే. కానీ చేప పొడవు పదిరెట్లయితే వెడల్పు, మందం కూడా పెరుగుతాయి. బరువు వెయ్యిరెట్లవుతుంది. అంటే ఆస్కారు ఆ పది చిన్న చేపల మొత్తానికి వందరెట్ల మాంసం. పెద్ద శరీరంలో గ్రాముకు అయ్యే ప్రాణవాయువు ఖర్చు తక్కువ కాబట్టి భారం అంతే నిష్పత్తిలో పెరగదు, అయినా ఇరవై ముప్పై రెట్లకు తగ్గదు. పెద్ద ట్యాంకుల్లో పెద్ద చేపల్ని ఈ కొలతతో వేసుకున్నవాళ్లు ఎందుకు దెబ్బతింటారో ఇదొక్కటే చాలు చెప్పడానికి.

చేపల పొడవు కంటే రోజూ ఎంత మేత వేస్తున్నామో చూసుకుంటే లెక్క సరిగ్గా తెగుతుంది. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న ట్యాంకు తీసుకుందాం. గాజు కొలతల ప్రకారం 680 లీటర్లు. ఇసుక, రాళ్లు, పైన వదిలిన ఖాళీ తీసేస్తే 600 లీటర్ల నీళ్లు. అందులో 12 సెంటీమీటర్ల ఎంబూనాలు నలభై, మొత్తం బరువు ఒకటిన్నర కిలో అనుకుందాం. రోజుకు 15 గ్రాముల గుళికలు, వాటిలో 45 శాతం మాంసకృత్తులు. చేపల సాగులో వాడే లెక్క ప్రకారం మాంసకృత్తుల బరువులో దాదాపు 9 శాతం అమ్మోనియా నైట్రోజన్‌గా బయటికి వస్తుంది, అదీ ఎక్కువగా మొప్పల గుండానే. మన ట్యాంకులో అది రోజుకు 600 మిల్లీగ్రాముల పైచిలుకు, అంటే లీటరుకు ఒక మిల్లీగ్రాము. ఫిల్టరే లేకపోతే రెండు మూడు రోజుల్లో చేపలు మొప్పలు ఎగరేస్తూ పైకి తేలతాయి.

ఫిల్టరులోని సూక్ష్మజీవులు ఆ అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ రెండో పని చేసేది నైట్రోబాక్టర్ అని చాలాకాలం పుస్తకాల్లో రాశారు. అక్వేరియాల్లో ఆ పని నిజంగా చేస్తున్నది నైట్రోస్పైరా అని 1998లో టిమతీ హోవనెక్, ఆయన సహచరులు చూపించారు. 2015లో ఇంకా పెద్ద ఆశ్చర్యం. అమ్మోనియా నుంచి నైట్రేట్ దాకా మొత్తం పని ఒక్కటే చేసేసే నైట్రోస్పైరా రకాలు దొరికాయి. వాటిలో కొన్ని దొరికింది చేపల పెంపకపు ఫిల్టరులోనే. ఈ జీవులకు మేత ఎంత ఎక్కువ దొరికితే అంత పెరుగుతాయి. కాబట్టి చేపలు నలభై కాదు, ఎనభై చేసినా, కొన్ని వారాల్లో ఫిల్టరు సర్దుకుంటుంది. పరీక్షగొట్టంలో నీరు ఆకుపచ్చకు తిరగకుండా పసుపుపచ్చగానే ఉంటుంది, అమ్మోనియా సున్నా. నా నీళ్లు శుభ్రంగా ఉన్నాయనే పెంపకందారు అబద్ధమాడడం లేదు.

చిక్కు నైట్రేట్ దగ్గర వస్తుంది. అది విషం తక్కువైనది, కానీ ఎటూ పోదు, మొక్కలు తినాలి లేదా మనం నీళ్లు మార్చాలి. మన నలభై చేపల ట్యాంకులో నైట్రేట్ వారానికి లీటరుకు 32 మిల్లీగ్రాముల చొప్పున పేరుకుంటుంది. ప్రతి ఆదివారం సగం నీళ్లు మారిస్తే కొన్నాళ్లకు అది 32 నుంచి 64 మధ్య ఊగుతూ నిలబడుతుంది. చాలామంది పెంపకందారులు 40 దాటనివ్వకూడదనుకుంటారు. చేపల్ని ఎనభై చేస్తే వారానికి చేరేది 64. అప్పుడు ఆదివారం నూటికి నూరు శాతం నీళ్లు మార్చినా మరుసటి ఆదివారానికి 64కు చేరుతుంది. అంటే వారానికొకసారి అనే పద్ధతే ఇక కుదరదు. వారానికి రెండు మూడుసార్లు వందల లీటర్లు తోడి పోయాలి, ఏడాది పొడవునా, ఊరెళ్లినా, జ్వరమొచ్చినా. ట్యాంకు కొన్న ఉత్సాహంలో ఉన్నవాళ్లకు ఈ పని చిన్నదిగా కనిపిస్తుంది. అమ్మేవాళ్లు దీని మాట ఎత్తరు.

ఇంట్లో అక్వేరియం అనే ఆలోచన మొదలైనప్పుడు లెక్క ఇలా ఉండేది కాదు. 1850లో లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త తన ప్రయోగాన్ని కెమికల్ సొసైటీకి వివరించాడు. గాజుపాత్రలో రెండు చిన్న గోల్డ్‌ఫిష్‌లు, ఒక వాలిస్నేరియా మొక్క, కుళ్లిన ఆకులు తినడానికి నత్తలు. మొక్క ప్రాణవాయువు ఇస్తుంది, చేప మొక్కకు ఎరువు ఇస్తుంది, నీళ్లు మార్చక్కర్లేదు. రెండు చేపలే కాబట్టి అది నడిచింది. ఆ తర్వాత తరంలో విలియం ఆల్ఫర్డ్ లాయిడ్ ఇంకో దారి పట్టాడు. 1871లో క్రిస్టల్ ప్యాలెస్‌లో తెరిచిన అక్వేరియంలో, జనం చూసే ట్యాంకుల కింద చీకట్లో వాటికంటే చాలా పెద్ద నీటి నిల్వ కట్టించి, యంత్రాలతో ఆ నీటిని ఆపకుండా పైకీ కిందికీ తిప్పించాడు. కనిపించే నీరు కొంచెం, కాపాడే నీరు ఎక్కువ. ఈ రోజు మంచి పెంపకందారులు ట్యాంకు కింద అమర్చే సంపుకు మూలం ఈ ఆలోచనే. చేపల సంఖ్య పెంచాలనుకునేవాళ్లకు ఖరీదైన ఫిల్టర్ల కంటే ఈ అదనపు నీరే నిజంగా మేలు చేస్తుంది, ఎందుకంటే అది వ్యవధిని పెంచుతుంది.

చాలామంది పెద్ద పెద్ద ప్రదర్శనశాలల్ని ఉదాహరణగా చూపిస్తారు. జపాన్‌లో ఒకినావాలోని చురావుమి అక్వేరియంలో 75 లక్షల లీటర్ల ట్యాంకులో తిమింగలం సొరలు, మాంటా టేకు చేపలు, వందల చిన్న చేపలు కలిసి తిరుగుతాయి. నిజమే. కానీ దాని వెనక సముద్రం నుంచి వచ్చే కొత్త నీరు, రాత్రీపగలూ కాపలా ఉండే సిబ్బంది, కరెంటు పోయినా ఆగని యంత్రాలు ఉంటాయి. ఇంట్లో రాత్రి రెండింటికి పంపు ఆగితే తెల్లారేదాకా ఎవరికీ తెలియదు.

ఆ రాత్రి లెక్క ఒకసారి వేసి చూద్దాం. 27 డిగ్రీల దగ్గర మంచినీరు గరిష్ఠంగా లీటరుకు దాదాపు 8 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టి ఉంచగలదు. అది 3కు పడిపోతే చాలా చేపలకు కష్టకాలమే. ఆ మధ్యలో ఉన్నది 600 లీటర్ల మీద 3 గ్రాములు. కిలో చేపకు గంటకు 250 మిల్లీగ్రాములు ఖర్చనుకుంటే, మన నలభై చేపలకు గంటకు 375. ఇందులో ట్యాంకులో మిగిలిన సూక్ష్మజీవుల ఖర్చు కూడా కలుపుకుంటే 500. అంటే ఆరు గంటలు. నీటి పైపొర గుండా కొంత చేరుతుంది కాబట్టి ఇంకాస్త ఎక్కువ. రాత్రి రెండుకు పోయిన కరెంటును ఉదయం ఎనిమిదికి చూసుకున్నా చేపలు బతికే ఉంటాయి. అదే ఎనభై చేపలైతే మూడు గంటలు. తెల్లవారుజామున ఐదింటికే అన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటాయి. మే నెలలో నీరు 32 డిగ్రీలు ఉంటే పట్టి ఉంచే ప్రాణవాయువు ఇంకా తక్కువ, చేపల ఖర్చేమో ఇంకా ఎక్కువ. ట్యాంకు అదే, ఫిల్టరు అదే, పరీక్షగొట్టం రంగు అదే. తేడా మూడు గంటలు. ఆ మూడు గంటలు ఏ పరీక్షలోనూ కనిపించవు.

ఎండాకాలంలో కరెంటు కోతలు తెలిసిన మన ఊళ్లలో ఇది పుస్తకంలోని లెక్క కాదు. బ్యాటరీతో నడిచే చిన్న గాలిపంపు పెద్ద ఖరీదు కాదు, అది ఉంటే ఎన్నో చేపలు బతుకుతాయి. కరెంటు పోయినప్పుడు మేత వేయొద్దు, తిన్నది అరగడానికి చేపకు ప్రాణవాయువు ఇంకా ఎక్కువ కావాలి. మూసి ఉండే క్యానిస్టర్ ఫిల్టరు గంటల తరబడి ఆగిపోతే లోపలి సూక్ష్మజీవులు ఉన్న గాలినంతా వాడేసి చావడం మొదలవుతుంది, నీరు కుళ్లువాసన కొడుతుంది. కరెంటు రాగానే ఆ నీరంతా ట్యాంకులోకి వచ్చిపడుతుంది. కరెంటు లేని గంటలు తట్టుకున్న చేపలు కరెంటు వచ్చాక పోవడానికి ఇదో కారణం. ఫిల్టరు విప్పి, లోపలి స్పాంజిని ట్యాంకు నీళ్లతోనే కడిగి అప్పుడు ఆన్ చేయాలి.

కిక్కిరిసిన పెద్ద ట్యాంకులో ఇంకో ప్రమాదం నెలల తరబడి కనిపించకుండా తయారవుతుంది. పాత ట్యాంకు జబ్బు అంటారు దీన్ని. అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే ప్రక్రియలో ఆమ్లం పుడుతుంది, అది నీటిలోని క్షారగుణాన్ని తినేస్తుంది. ఒక గ్రాము అమ్మోనియా నైట్రోజన్‌కు సుమారు 7 గ్రాముల కాల్షియం కార్బొనేట్‌కు సమానమైన క్షారం పోతుంది. మన లెక్కలోని ట్యాంకులో రోజుకు లీటరుకు 7 మిల్లీగ్రాములు. బోరునీళ్లు పోసేవాళ్లకు ఇది చాలాకాలం తెలియదు, ఆ నీళ్లలో క్షారం దండిగా ఉంటుంది. తాగునీటి ఆర్వో యంత్రం నీళ్లు పోసేవాళ్ల దగ్గర నాలుగైదు రోజుల్లోనే క్షారం నిల్వ ఖాళీ అయిపోవచ్చు. పీహెచ్ 8 నుంచి 7కు, అక్కడి నుంచి 6కు జారుతుంది. ఆ ఆమ్లంలో ఫిల్టరు జీవులు మందగిస్తాయి, అమ్మోనియా పేరుకుంటుంది. అయినా చేపలు తిరుగుతూనే ఉంటాయి. ఎందుకంటే అమ్మోనియాకు నీటిలో రెండు రూపాలున్నాయి. ఆమ్లనీటిలో దాదాపు మొత్తం అమ్మోనియం అయాన్‌గా ఉండి మొప్పల్ని అంతగా బాధించదు. 25 డిగ్రీల వేడిలో, పీహెచ్ 6 దగ్గర విషరూపం వందకు 0.06 వంతు కూడా ఉండదు. అదే పీహెచ్ 8 దగ్గర 5.4.

అప్పుడు యజమానికి చేపలు కాస్త డీలాగా కనిపిస్తాయి. మంచి పని చేద్దామని సగం నీళ్లు తీసి కొత్త బోరునీళ్లు నింపుతాడు. పీహెచ్ ఒక్కసారిగా పైకి లేస్తుంది. పేరుకున్న అమ్మోనియాలో విషరూపం అరగంటలో పదుల రెట్లు పెరుగుతుంది. సాయంత్రానికి చేపలు పక్కలకు వాలి పడి ఉంటాయి. నీళ్లు మార్చడం వల్లే పోయాయని అతను నమ్ముతాడు, ఇంకెప్పుడూ ఎక్కువ నీళ్లు మార్చొద్దని పదిమందికి చెబుతాడు. చేపల పెంపకంలో ఇంత బాధ కలిగించే అపార్థం ఇంకొకటి లేదనుకుంటాను, ఎందుకంటే మంచి మనసుతో చేసిన పనే ఇక్కడ చేపను చంపినట్టు కనిపిస్తుంది. ఇలాంటి ట్యాంకుకు కావలసింది మార్చడం మానడం కాదు, ముందు పీహెచ్, అమ్మోనియా చూసుకుని, రోజుకు కొంచెం కొంచెంగా చాలా రోజులపాటు మార్చడం. మలావి చేపలు సహజంగా బతికేది పీహెచ్ 8 చుట్టూ ఉన్న నీళ్లలో. అంటే అమ్మోనియా విషం బలంగా ఉండే నీళ్లలో. మిగతావాటికంటే ఎక్కువగా కుక్కిపెట్టమని సలహా ఇచ్చేది వీటినేనని గుర్తుపెట్టుకుంటే, ఆ పెంపకంలో ఎంత జాగ్రత్త కావాలో అర్థమవుతుంది.

ఇంతవరకు చెప్పిందంతా చేప ఇప్పుడున్న కొలతతోనే లెక్క. చేప మాత్రం అక్కడే ఆగదు. ట్యాంకును బట్టి చేప పెరుగుతుందనే మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. కిక్కిరిసిన, నైట్రేట్ నిండిన నీళ్లలో ఎదుగుదల కుంటుపడడం నిజమే. కానీ అది సర్దుకుపోవడం కాదు, అనారోగ్యం. దుకాణంలో రెండంగుళాలున్న ఆస్కారు ఏడాది తిరిగేసరికి పదంగుళాలు అవుతుంది. ఎర్రతోక క్యాట్‌ఫిష్ మీటరు దాటుతుంది. అందుకే పెద్ద ట్యాంకు కొన్నవాళ్లు ఈ రోజు ఖాళీగా కనిపిస్తోందని నింపిన చేపలే ఏడాదికి దాన్ని ముంచెత్తుతాయి.

మనకు బాగా తెలిసిన ఉదాహరణ పంగస్. కృష్ణా, గోదావరి జిల్లాల చెరువుల్లో తినడానికి సాగుచేసే చేప అది, ఏడాదిలోపే కిలో బరువుకొస్తుంది. వదిలేస్తే మీటరు పైన పెరుగుతుంది. దాని వేలెడు పిల్లల్ని అక్వేరియం దుకాణాల్లో షార్క్ అని అమ్ముతారు. గుంపుగా, ఆపకుండా ఈదే జాతి కాబట్టి నాలుగైదు కొనమంటారు. కొన్ని నెలలకు అవి గాజుకు మూతి గుద్దుకుంటూ, చిన్న అదటుకే ఈ మూల నుంచి ఆ మూలకు దూసుకెళ్లి ముక్కు చిదుపుకుంటాయి. పైకొచ్చి గాలి మింగగలవు కాబట్టి పాడునీళ్లలోనూ చావవు. చావకపోవడాన్నే బాగుండడంగా తీసుకుంటారు. చెరువులో ఇంత దట్టంగా చేపలు పెంచే రైతు అవసరమైతే ఏరేటర్లు తిప్పుతాడు, ప్రాణవాయువు తగ్గే తెల్లవారుజామున గట్టు మీద ఉంటాడు, నెలల్లో పట్టుబడి చేసి చెరువు ఖాళీ చేస్తాడు. ఇంట్లో ఆ చేపకు పట్టుబడి ఉండదు. పదేళ్ల పైన బతకగల జీవి అది.

ఇక పట్టనప్పుడు ఆ చేపలు ఎక్కడికి పోతాయో చూస్తే ఈ గొడవ ఇంటి గోడ దాటుతుంది. గాజు మీది నాచు తింటుందని కొన్న సక్కర్‌మౌత్ అడుగు పొడవు దాటాక చాలామంది దాన్ని దగ్గర్లోని చెరువులోనో, కాలువలోనో వదిలేస్తారు. వదిలాం, బతుకుతుంది అనుకుంటారు. బతుకుతుంది కూడా. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ గట్టి పెంకు చేపను కృష్ణలో వల వేసేవాళ్లు దెయ్యం చేప అంటారు. ముళ్లరెక్కలు వలల్ని చింపుతాయి, కొనేవాళ్లు ఉండరు. తూర్పు కనుమల నీళ్లలో ఇది ఎక్కడెక్కడ చేరిందో తెలుసుకోవడానికి హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు చేపను పట్టకుండా, నీటిలో అది వదిలే డీఎన్ఏ ఆనవాళ్లతోనే కనిపెట్టే పరీక్షను తయారుచేయాల్సి వచ్చింది. దీన్ని మొదట్లోనే ఆపాలంటే, పిల్లచేప ట్యాంకు మీద ధరతోపాటు ఆ చేప పూర్తిగా ఎదిగినప్పటి పొడవు, బతికే ఏళ్లు రాయించడం ఏ దుకాణానికైనా చేతనైన పని. కొనేవాళ్లు అడగాల్సిన ప్రశ్న కూడా ఒకటుంది: పెద్దదయ్యాక మీరు తిరిగి తీసుకుంటారా? లేదంటే ఆ పిల్లచేపను అక్కడే వదిలేసి రావాలి, మన ట్యాంకు ఆరడుగులదైనా, ఎనిమిదడుగులదైనా.